రెండు నిమిషాలు

నిదానం అనే ఆయన రోజూ పని నుంచి ఇంటికి వస్తూ, మెట్ల చివరి మలుపు దగ్గర ఆగి, ఆ పూటకి కావలసిన అబద్ధం ఒకటి ఆలోచించుకునేవాడు. ఊళ్ళో సగం లిఫ్టులు బాగుచేసే మనిషి, లిఫ్టు లేని ఇంట్లో పై అంతస్తులో అద్దెకుండటం ఎవరికైనా నవ్వొచ్చే సంగతే గానీ, పనిసంచి భుజాన వేసుకుని ఆ మెట్లెక్కేవాడికి కాదు. సంచి మెట్టు మీద దించి, గోడకి ఆనుకుని, ఊపిరి తిరిగేదాకా నిలబడేవాడు. ఊపిరి తొందరగానే తిరిగేది. అబద్ధమే ఒక పట్టాన తట్టేది కాదు. అది చిన్నదై ఉండాలి, నమ్మేట్టు ఉండాలి, వినగానే తన ఇంటావిడకి నవ్వు రావాలి. అలాంటిది దొరికాక ముఖం తుడుచుకుని, పెదాలు కాస్త సాగదీసి, తలుపు తట్టేవాడు.

నిదానం అన్నది అమ్మానాన్నలు పెట్టిన పేరు కాదు, కంపెనీలో వాళ్ళు తగిలించింది. లిఫ్టు మధ్యలో ఆగి మనుషులు లోపల ఇరుక్కుపోతే జంటగా వెళ్ళే మెకానిక్కులు ఇద్దరు. రెండో ఆయన లావుపాటి మనిషి, ఆయన పేరు కంగారు. కంగారు పైన మోటారు గదిలోకి పరిగెత్తి, చేత్తో చక్రం తిప్పి లిఫ్టుని అంగుళం అంగుళం కదిపేవాడు. నిదానం ఆగిన చోట తలుపుకి చెవి ఆనించి, లోపలున్నవాళ్ళతో మాట్లాడుతూ ఉండేవాడు. మొత్తం పనిలో కష్టమైన భాగం అదే. ఇనుము చెప్పినమాట వింటుంది, భయపడ్డ మనిషి వినడు.

మాట్లాడటానికి నిదానానికి ఒక పద్ధతి ఉంది. లోపల ఎంతమంది ఉన్నారని ముందు అడిగేవాడు. కూర్చున్నారా, నిలబడ్డారా అని అడిగేవాడు. తలుపు బాదొద్దని, మీటలు నొక్కొద్దని చెప్పేవాడు. లిఫ్టు ఎక్కడ ఆగిందో ఉన్నదున్నట్టు చెప్పేవాడు. ఎంతసేపు పడుతుందని వాళ్ళడిగితే, గంట పట్టేట్టుంటే గంట అనేవాడు, తెలియకపోతే తెలియదనేవాడు. చచ్చినా "రెండు నిమిషాలండీ" అనేవాడు కాదు. ఆ మాట కంగారుది. దాంతో వచ్చే చిక్కేమిటంటే, లోపలున్న మనిషి ఆ రెండు నిమిషాలూ ప్రాణం ఉగ్గబట్టుకుని కూర్చుంటాడు. మూడో నిమిషం మొదలవగానే తలుపు మీద గుద్దులూ, కేకలూ.

"ధైర్యం చెప్పాను కదా గురూ, ఎందుకలా అరుస్తారు?" అని కంగారు అమాయకంగా అడిగేవాడు.

"నువ్వు ధైర్యం చెప్పలేదు, గడువు చెప్పావు," అనేవాడు నిదానం.

ఇంత తెలిసిన మనిషి తన ఇంట్లో ఏం చేశాడో చెప్పాలంటే, ముందు ఇంటావిడ సంగతి చెప్పాలి.

ఆమె కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేసేది. ఎవరి ముఖానికి ఏ ఫ్రేము నప్పుతుందో చూడగానే చెప్పేది, నప్పకపోతే నప్పలేదని కూడా మొహాన్నే చెప్పేది. అందుకే దుకాణం యజమానికి ఆమె అంటే కాస్త జంకు. అలాంటి మనిషి ఒకరోజు పనికి వెళ్ళలేదు. జ్వరం లేదు, ఎవరూ పోలేదు, ఎవరూ ఒక్క మాట అనలేదు. మర్నాడూ వెళ్ళలేదు. గోడవైపు తిరిగి పడుకుంది. ఏమైందంటే "ఏమో" అనేది, ఎక్కడ నొప్పి అంటే అదీ "ఏమో" అనేది. జుట్టు చిక్కులు కట్టి దువ్వెన దిగకపోతే, చివరికి కూతురే కూర్చోబెట్టి, కళ్ళు తుడుచుకుంటూ కత్తిరించింది. ఇది మనసుకొచ్చిన జబ్బు, బద్ధకం కాదు, మందులు వాడాలి, చాలాకాలం పడుతుంది అని డాక్టరమ్మ చెప్పింది. మందులు వాడారు. చాలాకాలమూ పట్టింది. మెల్లమెల్లగా ఆమె మంచం మీంచి కుర్చీలోకి, కుర్చీలోంచి వంటింటి గుమ్మం దాకా వచ్చి, ఒకనాడు తన టీ తనే పెట్టుకుంది. ఆ టీ గ్లాసు చూసి నిదానం వరండాలోకి వెళ్ళి ఏడ్చాడు.

అప్పుడు దిగింది వదినగారు, ఆమె అక్క. ఆవిడ నిత్యం ఆనందంగా ఉండటం ఎలాగో చెప్పే ఉపన్యాసాలు ఫోనులో వింటూ ఉంటుంది. విని ఊరుకుంటే బాగుండేది, చుట్టాలందరికీ పంచుతుంది కూడా.

"మరిదిగారూ, ఇవాళ్టి నుంచి ఈ ఇంట్లో ఒక పద్ధతి పెడుతున్నా," అంది కాలు మీద కాలేసుకుని. "రోజూ భోజనాల దగ్గర ఒక్కొక్కళ్ళూ ఆ రోజు జరిగిన ఓ మంచి సంగతి చెప్పాలి. ఏడుపుగొట్టు మాట ఒక్కటి రాకూడదు."

"అలాగే వదినగారూ."

వెళ్ళేటప్పుడు మెట్ల మీద అతన్ని ఆపి, గొంతు తగ్గించి ఇంకో మాట కూడా అంది. "మీరు మాత్రం దాని ముందు ముఖం వేలాడేసుకోకండి. అది చూసి మళ్ళీ మంచం పట్టిందంటే ఇక లేవదు. అప్పుడు మనమెవరం ఏం చెయ్యలేం."

ఆ మాట అతని గుండెల్లో మేకులా దిగింది. డాక్టరమ్మ అలాంటిదేమీ అనలేదు. అయినా భయం ఉన్నవాడికి డాక్టరు మాటకంటే వదినగారి మాటే గట్టిగా వినిపిస్తుంది.

పద్ధతి మొదలైంది. కూతురు ఇంటరు చదువుతోంది. "లెక్కల మాస్టారు రాలేదు" అన్నది దాని మంచి సంగతి. నిదానం తల్లి, "మోకాలు నిన్నటికంటే నయంరా" అనేది. ఆవిడ రోజూ చెప్పిందంతా కలిపితే ఆ మోకాలు ఈపాటికి పరుగుపందెంలో గెలవాలి. ఇంటావిడ కాసేపు ఆలోచించి, "కిటికీ తుడిచాను" అనో, "కాసేపు ఎండలో నిలబడ్డాను" అనో చెప్పేది. అది నిజమేనని ఆమె గొంతులోనే తెలిసేది. చివరి వంతు నిదానానిది.

మొదటి రోజు అతను చెప్పింది నిజమే. ఆ పగలు పోస్టాఫీసు పక్కనున్న నీలం భవనంలో ఒక మామ్మగారు లిఫ్టులో చిక్కుకుపోయింది. పై అంతస్తులో ఒంటరిగా ఉంటుందట. ఎంతకీ కదలని లిఫ్టు అది. చివరికి తలుపు తెరిచే వేళకి ఆవిడ లోపల్నుంచి, "నాయనా, తీసేముందు ఒక్క కేక వెయ్యి. పళ్ళసెట్టు బ్యాగులో ఉంది, పెట్టుకుంటా. చచ్చి బతికాను గదాని బోసినోటితో బయటికి రాను," అంది. నిదానం ఇది చెప్పగానే ఇంటావిడ నవ్వింది. పెదాలతో కాదు, భుజాలు కదిలేట్టు నవ్వింది. పెళ్ళైన కొత్తలో నవ్విన నవ్వు. తల్లి ముద్ద నోటి దగ్గర ఆపి చూసింది. కూతురు తండ్రివైపు చూసింది. అందరికీ అర్థమైంది.

మర్నాడు భోజనాల దగ్గర ఇంటావిడే అడిగింది. "మామ్మగారు మళ్ళీ కనిపించిందా?"

కనిపించలేదు. ఆ భవనం వాళ్ళు ఆ వారంలోనే వేరే కంపెనీని పెట్టుకున్నారు. ఇక అటువైపు వెళ్ళే పనే లేదు. అయినా నిదానం, "ఆఁ, కనిపించింది" అన్నాడు. మామ్మగారు లిఫ్టులో కుర్చీ వేయించమని కంపెనీకి ఫిర్యాదు చేసిందన్నాడు. ఆ మర్నాడు ఆవిడ ఒక చిలకని కొంది. ఆ చిలకకి మాటలు నేర్పబోతే, అది ఆవిడ దగ్గు మాత్రమే నేర్చుకుంది. మరో రోజు పళ్ళసెట్టు టీ గ్లాసులో మర్చిపోయి, ఇరుగింటావిడ చేతిలో ఆ గ్లాసు పెట్టింది. అలా మామ్మగారు ఆ ఇంట్లో ఐదో మనిషైపోయింది. తిండి పెట్టక్కర్లేదు గానీ, రోజుకో కొత్త వేషం కట్టించాలి.

కట్టించడానికి ఓపికేదీ? తెల్లారకుండా లేచి వంట చేయాలి. తల్లి మోకాలికి కాపడం పెట్టాలి. బట్టలు ఆరేసి, కూతుర్ని లేపి, పనికి పరిగెత్తాలి. కంపెనీ మనుషుల్ని తగ్గించి భవనాల్ని పెంచింది. రోజంతా చెమటా, గ్రీజూ, అరుపులూ. సాయంత్రం మెట్ల మలుపులో అబద్ధం. తర్వాత భోజనం, దాని పక్కనే ఆ సాగదీసిన నవ్వు. దవడలు నొప్పెట్టేవి. ఆనందం కూడా ఒక డ్యూటీ అయిపోయాక, దాన్నుంచి సెలవు ఎవరిని అడగాలో అతనికి తెలియలేదు.

సెలవు తనే పుట్టించుకున్నాడు. భోజనం అవగానే స్నానాలగదిలోకి వెళ్ళి, గడియ పెట్టి, కుళాయి తిప్పేవాడు. ఒక బకెట్ నిండుతూ ఉండేది. ఇంకో బకెట్ బోర్లించి దానిమీద కూర్చునేవాడు. స్నానం చేసేవాడు కాదు, ఏడ్చేవాడూ కాదు. ఊరికే ముఖాన్ని వదిలేసేవాడు. అది ఎలా ఉండాలనుకుంటే అలా ఉండేది. నీళ్ళ చప్పుడులో ఎవరికీ ఏదీ వినపడదు కదా. ఎవరైనా తలుపు కొడితే "రెండు నిమిషాలు!" అని హుషారుగా అరిచేవాడు. తలుపు బయటుండగా ఏనాడూ అనని మాట, తలుపు లోపలికి వెళ్ళాక అంత సులువుగా ఎలా వచ్చేదో అతనెన్నడూ ఆలోచించలేదు.

ఒక సెలవురోజు పొద్దున ఇంటావిడ బట్టలు మడతపెడుతూ, "నాకు ఆ మామ్మగారిని చూడాలనుందండీ," అంది.

ఇన్ని నెలల్లో ఆమె ఫలానాది కావాలని అడగటం అదే మొదలు. మందులు వద్దనేది, తిండి వద్దనేది, దుకాణం వాళ్ళు కబురు పంపితే వద్దనేది. ఇప్పుడు ఒకటి కావాలంటోంది. ఆ ఒక్కటీ లేదు.

"అలాగే వెళ్దాం," అని నీళ్ళు నమిలాడు. "ఆవిడ ఊళ్ళో లేదనుకుంటా."

"నిన్ననే కదా చిలకని తిట్టిందన్నారు?"

"అదే... తిట్టి వెళ్ళింది."

ఆమె చేతిలో చొక్కా మడత ఆపి అతనివైపు చూసింది. మళ్ళీ మడత మొదలుపెట్టింది.

ఆ తర్వాత కొన్నాళ్ళు నిదానం తేలు కుట్టిన దొంగలా తిరిగాడు. కథలో మామ్మగారిని దూరపు బంధువుల ఇంటికి పంపేద్దామా అనుకున్నాడు. చంపేద్దామా అని కూడా అనుకున్నాడు గానీ చేతులు రాలేదు. ఆవిడ పోయిందని వింటే ఇంటావిడ ఏమైపోతుంది? అసలు సంగతి తెలిస్తే ఏమైపోతుంది? ఎటు తిరిగినా ఆ గోడా, ఆ గోడవైపు తిరిగిన వీపూ కళ్ళముందు నిలబడేవి.

ఒక మధ్యాహ్నం ధైర్యం చేసి నీలం భవనానికి వెళ్ళాడు. మామ్మగారి కాళ్ళావేళ్ళా పడి, ఒక్కసారి చిలక ఉన్నట్టు నటించమని అడుగుదామనుకున్నాడు. లిఫ్టెక్కి పై అంతస్తు మీట నొక్కాడు. లిఫ్టు చక్కగా ఆగింది, తలుపులు తెరుచుకున్నాయి. ఎదురుగా ఆవిడ గుమ్మం, గుమ్మం పక్కన ఒక జత చెప్పులు. నిదానం అడుగు తీసి బయట పెట్టలేకపోయాడు. ఒక పెద్దావిడ దగ్గరికెళ్ళి, "అమ్మా, నీ పేరు చెప్పుకుని ఇన్నాళ్ళూ కథలల్లాను" అని ఏ ముఖం పెట్టుకుని చెప్తాడు? తలుపులు వాటంతటవే మూసుకున్నాయి. కిందికి వచ్చేశాడు.

కథ తిరిగిన రోజు అతనికి పొద్దున్నుంచే ఒళ్ళు పట్టు తప్పింది. నిద్ర లేదు, టీ మీదే బండి నడిచింది. సాయంత్రం పూట ఒక ఆఫీసు భవనంలో లిఫ్టు ఆగింది. లోపల ఒక పంతులమ్మ, ఒక్కతే. కంగారు ఆపసోపాలు పడుతూ పైకెళ్ళాడు. నిదానం తలుపుకి చెవి ఆనించాడు.

"ఎంతసేపు పడుతుందండీ?" అంది లోపలి గొంతు.

"రెండు నిమిషాలమ్మా," అన్నాడు.

అన్నాక తన మాట తనకే వినిపించింది. వెనక్కి తీసుకోవడానికి వీల్లేదు. మోటారు దగ్గర బ్రేకు బిగుసుకుపోయి ఉంది, కంగారు ఎంత గింజుకున్నా చక్రం తిరగలేదు. లోపల గుద్దులు మొదలయ్యాయి. "అబద్ధం చెప్పారు! అబద్ధం చెప్పారు!" అని ఆ పంతులమ్మ అరుస్తూనే ఉంది. నిదానానికి ఒక్క మాట తోచలేదు. ఆ తలుపు ముందు అలా రాయిలా నిలబడ్డం అతనికి ఇదే మొదటిసారి. చివరికి ఆవిడ బయటికి వచ్చి, అతనివైపు చూడకుండా, బ్యాగు వెతుక్కుంటూ వెళ్ళిపోయింది.

కంగారు చెమట తుడుచుకుంటూ దిగాడు. "ఆ మాట ఎవరన్నారు గురూ?"

"నేనే."

ఇన్నేళ్ళూ ఆ మాట మీద తిట్లు తిన్నవాడికి ఎగతాళి చేయడానికి అంతకంటే మంచి అదను దొరకదు. కంగారు ఎగతాళి చేయలేదు. "ఇంటికెళ్ళి పడుకో," అన్నాడు. "ముఖం చూసుకున్నావా అద్దంలో?"

మెట్ల మలుపులో నిదానం మామూలుకంటే ఎక్కువసేపే నిలబడ్డాడు. తలలో ఒక్క ముక్క లేదు. చివరికి పాత చిలకనే మళ్ళీ బయటికి తీశాడు.

భోజనాల దగ్గర ఇంటావిడ ఎందుకో కొత్త చీర కట్టుకుని ఉంది, పొట్టి జుట్టు నున్నగా దువ్వుకుంది. నిదానం చూశాడు గానీ, అడిగే ఓపిక లేక ఊరుకున్నాడు.

"మాస్టారు వచ్చారు, కానీ చాక్‌పీసు అయిపోయింది," అంది కూతురు.

"మోకాలు నిన్నటికంటే నయంరా," అంది తల్లి.

"నేను ఆఖర్న చెప్తా. ముందు మీరు చెప్పండి," అంది ఇంటావిడ.

నిదానం పెదాలు సాగదీశాడు. "ఇవాళ మామ్మగారి చిలక ఉంది చూశావూ... పంజరం తలుపు అదే తీసుకుని, లిఫ్టు దాకా వెళ్ళి, అక్కడ కూర్చుని దగ్గుతోందట. ఎవరో ముసలాయన లోపల ఇరుక్కున్నాడనుకుని నన్ను పిలిచారు."

కూతురు నవ్వింది. తల్లి కూడా నవ్వింది. ఇంటావిడ నవ్వలేదు. కంచంలో చెయ్యి పెట్టి అతన్నే చూస్తోంది. ఆ చూపులో కోపం లేదు. ముఖానికి నప్పని ఫ్రేము పెట్టుకున్నవాళ్ళని దుకాణంలో అలాగే చూసేది.

"ఇప్పుడు నా సంగతి," అంది. "ఇవాళ నేను మామ్మగారి ఇంటికెళ్ళాను. ఒక్కదాన్నే. బస్సెక్కి వెళ్ళాను."

"నిజంగానా అమ్మా?" కూతురు ఎగిరినంత పనిచేసింది. "చిలకని చూశావా? దగ్గిందా?"

నిదానం తల దించుకున్నాడు. అయిపోయింది, కొంప మునిగింది అనుకున్నాడు.

"లేదే," అంది మెల్లగా. "నేను వెళ్ళేసరికి ఎగిరిపోయింది."

తిట్టి ఉంటే తట్టుకునేవాడు. నలుగురిలో నిలదీసినా తట్టుకునేవాడు. మంచం మీంచి నిన్నగాక మొన్న లేచిన మనిషి, అతని పరువు నిలబెట్టడానికి అతని అబద్ధాన్ని మోసింది. అది మాత్రం తట్టుకోవడం అతని వల్ల కాలేదు. చెయ్యి కడుక్కుంటానని గొణిగి లేచాడు. స్నానాలగదిలోకి వెళ్ళి గడియ పెట్టి, కుళాయి తిప్పి, బోర్లించిన బకెట్ మీద కూలబడ్డాడు.

కాసేపటికి తలుపు మీద చిన్న చప్పుడు.

"ఏమండీ."

"వస్తున్నా," అన్నాడు. హుషారు తెచ్చుకోబోయాడు, రాలేదు. "రెండు నిమిషాలు."

ఆమె వెళ్ళిపోయిందనుకున్నాడు.

"లోపల ఎంతమంది ఉన్నారు?" అంది ఆమె.

నిదానం తలెత్తాడు.

"అడుగుతున్నా కదండీ. లోపల ఎంతమంది?"

"ఒక్కణ్ణే," అన్నాడు.

"కూర్చున్నారా, నిలబడ్డారా?"

"కూర్చున్నా."

"మంచిది. అలాగే కూర్చోండి. కంగారుపడి మీటలేం నొక్కకండి. నేను ఇవతలే ఉన్నాను, ఎక్కడికీ పోను."

గాజుల చప్పుడయింది. తలుపుకి వీపు ఆనించి ఆమె కింద కూర్చున్నట్టు, తలుపు కొద్దిగా లోపలికి కదిలింది.

"మామ్మగారు మీరన్న ఒక్క మాట కూడా మర్చిపోలేదు," అంది. "వరసగా అన్నీ అప్పజెప్పింది. పళ్ళసెట్టు సంగతి మీరు చెప్పారు. అంతకుముందు ఆవిడ చీకట్లో ఏడ్చిన సంగతి చెప్పలేదు. భయంగా ఉంది నాయనా అంటే, 'భయంగానే ఉంటుందమ్మా, గంట పైనే పట్టేట్టుంది, ఏడుపొస్తే ఏడవండి, నేను వింటూ ఉంటా' అన్నారట. ఆ మాటకే ప్రాణం కుదుటపడిందంది. సొంతవాళ్ళు కూడా తనతో ఎన్నడూ అలా మాట్లాడలేదంది."

నీళ్ళు బకెట్ నిండి పొర్లి, అతని పాదాల కిందికి వచ్చాయి.

"దారినపోయే ఆవిడకి నిజం చెప్పారు. నాకెందుకు చెప్పలేదండీ?"

"నువ్వు మళ్ళీ..." అన్నాడు.

"మళ్ళీ మంచమెక్కుతానని. అక్క నాతో కూడా అంది, మీ ముందు దిగులుగా ఉండొద్దని." ఆమె గొంతు కూడా అలిసిపోయి ఉంది. "చిలక కథలు నాకు బాగానే ఉండేవి. నవ్వొచ్చేది. కానీ మీరు రోజూ అలా వెలిగిపోతూ వస్తుంటే, ఇంట్లో అందరూ బాగున్నారు, బాగులేనిది నేనొక్కదాన్నే అనిపించేది. నా జబ్బులో అన్నిటికంటే కష్టం అదేనండీ. ఒక్కదాన్నే ఉండటం. రోజూ భోజనం కాగానే మీరిక్కడికొచ్చి కుళాయి తిప్పుతారు. చెంబు చప్పుడు ఒక్కసారీ వినపడదు. నాకు తెలీదనుకున్నారా?"

నిదానం రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. అవతలి గదిలోంచి తల్లి గొంతు వినిపించింది.

"ఒసేయ్ మనవరాలా, మీ నాన్నకేమైందే? మళ్ళీ స్నానమా?"

"నువ్వు తిను నానమ్మా," అంది కూతురు.

"ఏమండీ," అంది ఇంటావిడ. "ఎక్కడ ఆగారు?"

ఇన్నేళ్ళలో ఆ సంగతి ఎందరికో చెప్పాడు. ఏ అంతస్తుకి ఏ అంతస్తుకి మధ్య ఇరుక్కున్నారో తలుపు చూసి చెప్పగల మనిషి. ఇప్పుడు వెతుక్కున్నాడు.

"తెలీదు," అన్నాడు. "మధ్యలో ఎక్కడో."

"ఎంతసేపు పట్టేట్టుంది?"

పెదాల మీదికి ఆ పాత మాట వచ్చింది. దాన్ని మింగాడు.

"తెలీదు. చాలాసేపు పట్టేట్టుంది."

"సరే," అంది ఆమె.

అతను చెయ్యి చాచి కుళాయి కట్టేశాడు. నీళ్ళ చప్పుడు ఆగిపోయేసరికి ఇల్లంతా వినిపించింది. అవతల గిన్నెలు సర్దుతున్న కూతురూ, మోకాలు పట్టుకుని మూలుగుతున్న తల్లీ, తలుపు వెనక భార్య ఊపిరీ. తనకి వాళ్ళు వినిపిస్తున్నారంటే వాళ్ళకీ తను వినిపిస్తాడు. ఇక దాచుకోవడానికి చోటు లేదు.

"అలిసిపోయానే," అన్నాడు. "చాలా అలిసిపోయాను."

తగ్గిపోతుందని ఆమె అనలేదు. రేపటికి సర్దుకుంటుందనీ అనలేదు.

"ఊఁ," అంది తలుపు అవతల్నుంచి. "చెప్పండి, వింటున్నా."